పెద్ద టెక్నికల్ గ్రూపుకి ఏ రకం చర్చ సరిపోతుంది: చాటా, వరసా, కొమ్మలా, ప్రశ్న-జవాబా?

మొన్నామధ్య ఓ రాత్రి పదకొండున్నరకి మా టెలిగ్రామ్ గ్రూపులో ఒకమ్మాయి అడిగింది. "అన్నా, డాకర్ కంటైనర్‌లోంచి నా లాప్‌టాప్‌లో ఉన్న పోస్ట్‌గ్రెస్‌కి కనెక్ట్ అవ్వట్లేదు. అడ్రస్ లోకల్‌హోస్ట్ అనే ఇచ్చాను. బయట్నుంచి అయితే అవుతోంది." (డాకర్ అంటే ప్రోగ్రాముని కంటైనర్ అనే విడి డబ్బాలో నడిపే టూల్, పోస్ట్‌గ్రెస్ ఒక డేటాబేస్, లోకల్‌హోస్ట్ అంటే 'ఈ మెషీనే' అని.) చక్కటి ప్రశ్న. ఏం చేసిందో, ఎక్కడ ఆగిందో, ఎక్కడ పనిచేస్తోందో మూడు ముక్కల్లో చెప్పేసింది. రెండు నిమిషాలు తిరక్కుండా దాని కింద ఎవరో ఉద్యోగ ప్రకటన పెట్టారు. దానికింద ఆరుగురు "ఇంట్రెస్టెడ్" అన్నారు. ఈలోగా జావా నేర్చుకోవాలా, గో నేర్చుకోవాలా అన్న పాత తగువు మళ్లీ మొదలైంది. పొద్దున కాఫీ తాగుతూ నేను ఫోన్ తీసేసరికి మూడొందల పైచిలుకు మెసేజ్‌లు. ఆ ప్రశ్న ఎక్కడో అడుగున పడి ఉంది, ఒక్క జవాబూ లేకుండా.

జవాబు రెండు వాక్యాలే. కంటైనర్ లోపల లోకల్‌హోస్ట్ అంటే ఆ కంటైనరే, మీ లాప్‌టాప్ కాదు. విండోస్‌లోనో మ్యాక్‌లోనో డాకర్ డెస్క్‌టాప్ వాడుతుంటే 'హోస్ట్ డాట్ డాకర్ డాట్ ఇంటర్నల్' అన్న పేరు ఇవ్వాలి, లినక్స్‌లో అయితే కంటైనర్ మొదలుపెట్టేటప్పుడు ఆ పేరుని మనమే జోడించుకోవాలి. ఇదే ప్రశ్నకి ఏడాది కిందట మా గ్రూపులోనే ఒక పెద్దాయన నాలుగు నిమిషాల వాయిస్ మెసేజ్‌లో ఓపిగ్గా విడమరిచి చెప్పారు. చెప్పారని నాకు బాగా గుర్తు. ఎక్కడుందో మాత్రం దొరకలేదు. అరగంట వెతికి, చేతులెత్తేసి, మళ్లీ నేనే టైప్ చేశాను.

గ్రూపు చిన్నగా ఉన్నప్పుడు ఇవేవీ పట్టించుకోం. నలభైమంది ఉన్నప్పుడు అందరికీ అందరూ తెలుసు, "ఇది ఫలానా ఆయన చెప్పారుగా" అంటే సరిపోయేది. నాలుగు వేలు దాటాక అడిగేవాళ్లు పెరుగుతారు, చెప్పేవాళ్లు ఆ పదిమందే ఉంటారు. ఆ పదిమంది విసిగిపోయి మాట్లాడ్డం మానేసిన రోజున గ్రూపులో మిగిలేది ఉద్యోగ ప్రకటనలూ గుడ్ మార్నింగులూ. అందుకని ఏ పద్ధతి మంచిదని ఎవరైనా అడిగితే నేను చూసేది ఒకటే: ఈరోజు చెప్పిన జవాబు, ఆర్నెల్ల తర్వాత చేరిన మనిషికి ఎవర్నీ అడక్కుండా దొరుకుతుందా లేదా. రాసేటప్పటి హాయి రెండోది.

ముందు ఒక వారం లెక్క తీయండి

టూల్ గురించి కొట్టుకునే ముందు ఒక ఆదివారం కూర్చుని గడిచిన వారం మెసేజ్‌లు పైనుంచి కిందికి చదవండి. కాయితం మీద నాలుగు గళ్లు గీయండి. ఒకటి, సాయం అడిగే ప్రశ్నలు. రెండు, నలుగురూ కలిసి తేల్చుకోవాల్సిన విషయాలు: మీటప్ ఎప్పుడు, ప్రాజెక్టులో ఏ లైబ్రరీ వాడాలి లాంటివి. మూడు, ప్రకటనలు. నాలుగు, కబుర్లు. మా దాంట్లో గీతలు గీస్తూ పోతే నాకే నవ్వొచ్చింది. వివాదాలతోనే గ్రూపు నిండిపోయిందని ఇన్నాళ్లూ అనుకున్నాను. తీరా చూస్తే నిండింది అడిగిన ప్రశ్నే మళ్లీ అడగడంతో. పైథాన్‌లో వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ యాక్టివేట్ అవ్వట్లేదన్న ప్రశ్న ఒక్క వారంలోనే నలుగురు నాలుగు రకాలుగా అడిగారు.

మీ లెక్క వేరుగా రావచ్చు. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు నడిపేవాళ్లకి రెండో గడి నిండుతుంది. కాలేజీ కోడింగ్ క్లబ్బుకి మూడూ నాలుగూ. ఏ గడి నిండిందో దాన్ని బట్టే కింద చెప్పేవి చదువుకోండి.

పారిపోయే చాట్

వాట్సాప్, టెలిగ్రామ్, డిస్కార్డ్, స్లాక్, పాత కాలపు ఐఆర్‌సీ, అన్నీ ఒకటే జాతి. కొత్త మాట వస్తే పాత మాట పైకి జరిగిపోతుంది. దీన్ని తిట్టడం తేలిక, కానీ చాట్ చేసే మేలు ఇంకేదీ చెయ్యదు. బెరుకు పోగొడుతుంది. ఇంజనీరింగ్ రెండో ఏడాది కుర్రాడికి శీర్షిక పెట్టి, వివరాలు రాసి, పదిమంది ముందు ప్రశ్న వెయ్యమంటే చెమటలు పడతాయి. "బ్రో, ఇది ఎవరికైనా వచ్చిందా?" అని ఒక ముక్క విసరడానికి ధైర్యం అక్కర్లేదు. ఏదో క్లౌడ్ సర్వీసు పడిపోయిన రాత్రి "మీకూ ఇంతేనా?" అని అడగాలంటే చాట్‌ని మించింది లేదు.

చిక్కల్లా జోరు పెరిగినప్పుడే. దానికితోడు ఒక్కోదానికి ఒక్కో లోటు. వాట్సాప్ గ్రూపు 1024 మందితో ఆగిపోతుంది, కొత్తగా చేరినవాళ్లకి అంతకుముందు జరిగిన చర్చ పూర్తిగా కనబడదు. టెక్నికల్ గ్రూపుకి ఆ రెండో సంగతి చాలు వద్దనుకోవడానికి. టెలిగ్రామ్‌లో 2 లక్షల మంది దాకా పడతారు, పాత మెసేజ్‌లు కొత్తవాళ్లకీ కనబడేలా పెట్టుకోవచ్చు. స్లాక్ ఆఫీసులకి కుట్టిన చొక్కా. ఉచితంగా వాడితే 2022 నుంచి గత 90 రోజుల మెసేజ్‌లే చూపిస్తుంది, డబ్బు కడదామంటే మనిషికింత అని లెక్క. నాలుగు వేలమంది ఉన్న గ్రూపుకి ఆ బిల్లు ఎవరు కడతారు? డిస్కార్డ్ కుర్రకారుకి అలవాటైన చోటు, వాయిస్ గదులు బావుంటాయి, హాకథాన్ రాత్రుళ్లకి సరిగ్గా సరిపోతుంది. కానీ లోపల జరిగిన చర్చ గూగుల్‌కి కనబడదు. అక్కడ చెప్పిన మంచి జవాబు ఆ గోడల మధ్యే ఉండిపోతుంది.

"మరి టెలిగ్రామ్‌లో టాపిక్స్ పెట్టుకోవచ్చుగా?" అని మా ఇంకో అడ్మిన్ అడిగాడు. నిజమే, 2022 చివర్లో ఆ సదుపాయం వచ్చింది. మేం పెట్టాం. డాకర్‌కి ఒకటి, పైథాన్‌కి ఒకటి, ఉద్యోగాలకి ఒకటి, కబుర్లకి ఒకటి. ఉద్యోగాల గోల విడిపోవడంతో ప్రాణం లేచొచ్చింది, అది ఒప్పుకోవాలి. కానీ అసలు జబ్బు తగ్గలేదు. ఎందుకంటే మేం కట్టింది గదులు. ప్రశ్నకో ఫైలు కాదు. డాకర్ గదిలోనూ మెసేజ్‌లు పారిపోతూనే ఉన్నాయి, కాకపోతే కాస్త నెమ్మదిగా. ఒక్కో ప్రశ్నకి దాని పేరుతో దాని చోటు ఉంటేనే వెతుకులాట తీరుతుంది. స్లాక్‌లో పక్కన తెరుచుకునే రిప్లై థ్రెడ్లకీ ఇదే లోటు: థ్రెడ్ ఉంది, దానికో పేరు లేదు. పేరు లేని పిల్లాణ్ని జాతరలో ఏమని పిలుస్తాం?

కొమ్మలుగా పెరిగేది, వరసగా నడిచేది

శీర్షిక పెట్టి మొదలయ్యే చర్చల్లో రెండు రకాలు. ఒకటి చెట్టు. ఎవరి మాటకి జవాబిస్తే దాని కిందే, కాస్త లోపలికి జరిగి కనబడుతుంది. దానికి జవాబు ఇంకా లోపలికి. స్లాష్‌డాట్ 1997 నుంచీ, రెడిట్ 2005 నుంచీ, హ్యాకర్ న్యూస్ 2007 నుంచీ ఈ దారే. రెండోది వరస. ఎవరు ఎవరికి జవాబిచ్చినా రాసిన క్రమంలోనే కిందికి పేరుస్తారు. ప్రోగ్రామర్ల ప్రశ్న-జవాబుల సైటు స్టాక్ ఓవర్‌ఫ్లో పెట్టిన ఇద్దరిలో ఒకరైన జెఫ్ ఆట్‌వుడ్ ఇంకో ఇద్దరితో కలిసి 2013లో బయటికి తెచ్చిన డిస్కోర్స్ అనే ఫోరం సాఫ్ట్‌వేర్ కావాలనే ఈ వరస పద్ధతి పట్టుకుంది.

చెట్టు చూడ్డానికి తెలివైనదిలా ఉంటుంది. ఓ వార్త మీద రెండొందల మంది అభిప్రాయాలు చెబుతుంటే చెట్టే మేలు. నచ్చని కొమ్మ మూసేసి ముందుకి పోవచ్చు, ఓట్లు పడ్డ మాట పైకి తేలుతుంది. ఒక్క రోజులో పుట్టి ఒక్క రోజులో పోయే చర్చకి ఇంతకన్నా మంచి ఏర్పాటు నేను చూళ్లేదు.

మర్నాడు తిరిగొచ్చినప్పుడు తెలుస్తుంది అసలు కష్టం. నిన్న చదివినదానికి ఇవాళ కొత్తగా ఏం చేరింది? చెట్టులో కొత్త మాటలు ఎక్కడెక్కడో మూలల్లో మొలుస్తాయి. వాటిని పట్టుకోవాలంటే చెట్టంతా మళ్లీ ఎక్కి దిగాలి. ఓట్లుంటే ఇంకో అన్యాయం: ముందొచ్చినవాడి మాటకి ఓట్లు పడి పైన కూర్చుంటుంది. రాత్రి డ్యూటీ దిగి, తీరిగ్గా కూర్చుని, సమస్యని తన మెషీన్ మీద చేసి చూసి, సరైన జవాబు రాసిన మనిషిది ఎక్కడో అడుగున. మన గ్రూపుల్లో ఇది మరీ ఎక్కువ. హైదరాబాదులో రాత్రి తొమ్మిదయితే, ఎండాకాలంలో డల్లాస్‌లో పొద్దున పదిన్నర. సగం మంది పడుకునే వేళకి మిగతా సగం పనిలో దిగుతారు. ముందొచ్చినవాడిదే చెల్లుబాటయ్యే పద్ధతిలో ఎప్పుడూ ఒక ఊరివాళ్లే గెలుస్తారు.

వరసలో ఆ బాధ లేదు. కొత్తది ఎప్పుడూ అడుగునే, ఎక్కడ ఆపామో అక్కడ్నుంచి చదువుకోవచ్చు. నెలల తరబడి నడిచే టెక్నికల్ చర్చకి, "ఈ అప్‌డేట్ తర్వాత ఆ కిటుకు పనిచెయ్యట్లేదు" అని రెండేళ్ల తర్వాత ఎవరో వచ్చి చేర్చే రకం చర్చకి, నా ఓటు వరసకే. దాని లోటూ లేకపోలేదు. మధ్యలో ఇద్దరు పక్కదారి పట్టారంటే అందరూ ఆ పక్కదారి చదవాల్సిందే. డిస్కోర్స్‌లో మోడరేటర్ ఆ పది పోస్టులూ ఎంచుకుని, విడగొట్టి, వేరే శీర్షిక కింద పెట్టేయొచ్చు. ఈ ఒక్క కత్తెర ఉందా లేదా అన్నది, నన్నడిగితే, చెట్టా వరసా అన్న వాదన కంటే పెద్దది. పక్కదారి పట్టారని ఎవర్నీ తిట్టక్కర్లేదు. "మీ చర్చ బావుంది, ఇక్కడికి మార్చాను" అని లింకిస్తే గొడవ అక్కడితో సరి.

డిస్కోర్స్‌లో నాకు నచ్చిన ఇంకో సంగతి, కొత్తవాళ్ల చేతికి తాళాలన్నీ ఒకేసారి ఇవ్వదు. సున్నా నుంచి నాలుగు దాకా నమ్మకం మెట్లుంటాయి. మొదటి మెట్టు ఎక్కాలంటే, మనం మార్చకపోతే, అయిదు చర్చలు తెరిచి, ముప్ఫై పోస్టులు చదివి, మొత్తం పది నిమిషాలు గడిపితే చాలు. చదివినవాడికే మాట. చాట్‌లో మాత్రం చేరిన నిమిషానికే క్రిప్టో లింకు పెట్టి పోయేవాళ్లతో వేగలేక చచ్చాం.

ఈమెయిల్ జాబితాలు, పైథాన్ వాళ్ల కథ

ఇరవై ఏళ్ల కుర్రాళ్లకి ఈమెయిల్ చర్చలంటే తాతల కాలం మాట. కానీ లినక్స్ కెర్నెల్, అంటే ఆ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ, నేటికీ అలాగే నడుస్తోంది, పోస్ట్‌గ్రెస్ వాళ్లూ అంతే. దానికి కారణాలున్నాయి. ఎవరి మెయిల్ పెట్టె వాళ్లది, చదవడానికి ఎవరికి నచ్చిన సాధనం వాళ్లది, ఏ కంపెనీ మూతపడినా చర్చ పోదు. రోజుకి వందల కొద్దీ ప్యాచ్‌లు (కోడ్ మార్పులు) చూసేవాళ్లు చేతులు కీబోర్డు మీంచి తియ్యకుండా పని కానిచ్చుకుంటారు. కొత్తవాళ్లకి మాత్రం గుమ్మంలోనే దెబ్బ తగులుతుంది. కెర్నెల్ జాబితాలు సాదా అక్షరాలున్న మెయిలే తీసుకుంటాయి, రంగులూ ఫాంట్లూ ఉండే హెచ్‌టీఎంఎల్ మెయిల్‌ని తిప్పికొడతాయి. ఫోన్‌లోంచి పంపిన మొదటి మెయిలే తిరిగొచ్చిన కుర్రాడు రెండోది పంపడానికి ఎంతకాలం పడుతుందో ఆలోచించండి.

మెయిల్ మీద పెద్ద చర్చ ఎలా చేయిదాటుతుందో చూడాలంటే పైథాన్ వైపు చూడాలి. పైథాన్ భాషలో మార్పుల కోసం రాసే ప్రతిపాదనని పీఈపీ అంటారు. 2018లో పీఈపీ 572 అని ఒకటి వచ్చింది. ఒక వాక్యం మధ్యలోనే వేరియబుల్‌కి విలువ ఇచ్చే గుర్తు, కోలన్ పక్కన ఈక్వల్స్. అడ్డంగా చూస్తే కోరలున్న వాల్‌రస్ మొహంలా ఉంటుందని ఆ పేరే స్థిరపడింది. చిన్న గుర్తే. దాని మీద నెలల తరబడి మెయిళ్లు నడిచాయి. ఒక జాబితాలో మొదలై ఇంకో జాబితాకి పాకింది, ఒక్కో జాబితాలో మళ్లీ వేర్వేరు దారాలు (థ్రెడ్లు). అక్కడ తేలిపోయిన అభ్యంతరాన్ని ఇక్కడ ఇంకొకరు కొత్తగా లేవనెత్తేవారు. పంపిన మెయిల్‌ని దిద్దలేం, పక్కకి జరపలేం, వేడెక్కిన దారాన్ని కాసేపు ఆపలేం. చివరికి ప్రతిపాదన నెగ్గింది. కానీ జులై 12న పైథాన్ సృష్టికర్త గైడో వాన్ రాసమ్ నిర్ణయాధికారం నుంచి తప్పుకుంటున్నానని ప్రకటించేశారు. ఒక్క పీఈపీ కోసం ఇంత పోరాడి, ఇంతమంది తన నిర్ణయాల్ని ఈసడించుకోవడం చూడాల్సి రావడం ఇక తనవల్ల కాదన్నది ఆయన మాటల సారం.

ఈ తప్పంతా ఈమెయిల్‌దే అనను. గుర్తు నచ్చనివాళ్లకి ఎక్కడ చర్చ పెట్టినా నచ్చేది కాదు. కానీ ఆ ఏడాదే వాళ్లు డిస్కోర్స్ పెట్టుకుని చూశారు, ఆయన తర్వాత పాలన ఎలా ఉండాలన్న చర్చలో పెద్ద భాగం అక్కడే సాగింది. అయిదుగురి సారథ్య సంఘం వచ్చింది. 2022 నాటికి ముఖ్యమైన డెవలపర్ల చర్చ కూడా మెయిల్ జాబితాని వదిలి అక్కడికే చేరింది. మెయిల్‌కి అలవాటుపడ్డవాళ్లు గొణిగారు. వాళ్ల గొణుగుడులో న్యాయం ఉంది: తన సాధనంలో తన వేగంతో చదువుకునే హక్కు పోయినట్టే కదా. డిస్కోర్స్ చర్చల్ని మెయిల్‌గా పంపించే ఏర్పాటు ఉంది గానీ, అది అసలు మెయిల్ జాబితా అంత హాయిగా ఉండదు.

రెండో గడి, అంటే నలుగురూ కలిసి తేల్చుకోవాల్సినవి, నిండినవాళ్లకి ఈ కథలో పనికొచ్చే ముక్క ఇది: ఒక నిర్ణయానికి ఒకే చోటు ఉండాలి, అందులో ప్రతిపాదన పైనే నిలబడి కనబడాలి, ఆఖరు తేదీ ఉండాలి. కోడ్ పెట్టుకునే గిట్‌హబ్ సైటులో పెద్ద ప్రతిపాదన పెట్టి కింద కామెంట్లలో కొట్టుకుందామనుకుంటారు కొందరు. కామెంట్లు పెరిగాక గిట్‌హబ్ మధ్యలోవి దాచేసి "ఇంకా చూపించు" అన్న మీట పెడుతుంది. ఆ మీట నొక్కేదెందరు? నొక్కనివాళ్లంతా దాగిన అభ్యంతరాన్నే మళ్లీ రాస్తారు.

ప్రశ్న-జవాబు

2008లో స్టాక్ ఓవర్‌ఫ్లో వచ్చి, అడిగిన ప్రశ్నకి ఒక సరైన జవాబు ఉంటుందన్న నమ్మకం మీద ఒక లోకాన్నే కట్టింది. మొదటి గడి నిండినవాళ్లకి ఈ అచ్చు బాగా కుదురుతుంది. ప్రశ్న పైన, ఒప్పుకున్న జవాబు దాని కింద, మిగతా సొద ఉండదు. "ఏ ఫ్రేమ్‌వర్క్ మంచిది?" లాంటివి ఇందులో ఇమడవు, వాటిని అక్కడ ఏళ్ల తరబడి అభిప్రాయాల ప్రశ్నలని మూసేసేవారు. పాతదానికి నకలని మూసెయ్యడమూ ఉంది. విజ్ఞాన భాండారానికి అది మంచిదే. మొదటిసారి అడిగినవాడికి మాత్రం మొహం మీద తలుపేసినట్టుంటుంది. మన గ్రూపు నడపదల్చుకుంటే మూసేయడం మానేసి, "ఇదిగో, ఇక్కడ ఉంది తమ్ముడూ, చాలకపోతే చెప్పు" అని లింకు ఇవ్వడం నేర్చుకోవాలి. పని అదే, తీరు వేరు.

దీనికోసం వేరే సాఫ్ట్‌వేర్ పెట్టుకోనక్కర్లేదు. డిస్కోర్స్‌లో జవాబుని పరిష్కారంగా గుర్తుపెట్టే సదుపాయం ఉంది. మీ కోడ్ ఎలాగూ గిట్‌హబ్‌లోనే ఉంటే అక్కడి డిస్కషన్స్‌లోనూ జవాబుని ఎంచి గుర్తు పెట్టుకోవచ్చు, సర్వర్ ఖర్చు లేదు. ఒక ప్రాజెక్టు చుట్టూ ఉన్న గుంపుకి అంతకన్నా చవకైన దారి లేదు. ప్రాజెక్టుతో పనిలేని గుంపుకి, గిట్‌హబ్ ఖాతా కూడా లేని విద్యార్థులకి అది కుదరదు.

మధ్యే మార్గం: ప్రతి మాటకీ పేరు

జూలిప్ అని ఒకటుంది, మనవాళ్లలో తెలిసినవాళ్లు తక్కువ. 2014లో డ్రాప్‌బాక్స్ కొనేసి, మరుసటేడు ఓపెన్ సోర్స్‌గా వదిలేసింది. చూడ్డానికి చాటే. కానీ ఛానెల్‌లో మెసేజ్ పంపేటప్పుడు ఛానెల్‌తోపాటు టాపిక్ పేరూ పెట్టుకునేలా దాన్ని కట్టారు. 'డాకర్' ఛానెల్‌లో 'కంటైనర్‌లోంచి పోస్ట్‌గ్రెస్ కనెక్ట్ అవ్వట్లేదు' అన్న టాపిక్. పొద్దున లేచి చూస్తే మూడొందల మెసేజ్‌లు కాదు, ఇరవై టాపిక్‌ల పేర్లు కనబడతాయి. మీకు చెందని పదిహేడూ చదివినట్టే గుర్తు పెట్టేసి, మూడింటిలోకి వెళ్లొచ్చు. ఎవరో తప్పు టాపిక్‌లో రాస్తే మోడరేటర్ జరిపేస్తాడు. పేరు బాలేకపోతే మారుస్తాడు. తేలిపోయిందనిపిస్తే ఒక టిక్కు పెడితే పేరు పక్కన కనబడుతుంది. అంటే పైన చెప్పిన కత్తెర ఇక్కడా ఉంది.

లీన్ అనే గణిత నిరూపణల భాష చుట్టూ ఉన్నవాళ్లంతా జూలిప్‌లోనే ఉంటారు, రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష కంపైలర్ మీద పనిచేసేవాళ్లూ అక్కడే. ఇద్దరిదీ ఒకే పరిస్థితి: ప్రపంచంలో తలోమూలా ఉంటారు, ఒకే పని మీద రోజూ మాట్లాడుకుంటారు. అలా కలిసి పనిచేసే వందమందో రెండొందల మందో ఉంటే మారుమాట లేకుండా జూలిప్ తీసుకోండి. సాయం కోసం వచ్చిపోయే వేలమందికి నేను సిఫార్సు చెయ్యను. టాపిక్ అంటే ఏమిటో అర్థమవడానికి రెండు రోజులు పడుతుంది, వచ్చిపోయేవాడికి ఆ రెండు రోజుల ఓపిక ఉండదు. 'హాయ్', 'హెల్ప్', 'డౌట్' అన్న పేర్లతో టాపిక్‌లు తెరిచి వెళ్లిపోతాడు. ఆ చెత్త ఊడవాల్సింది మనం.

మన భాష తెచ్చే చిక్కు

టూల్స్ పోల్చే ఇంగ్లిష్ వ్యాసాల్లో ఈ సంగతి కనబడదు. మన గ్రూపుల్లో సగంపైగా తెలుగుని ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తారు. 'అవ్వట్లేదు' అన్న ఒక్క మాటనే ఒకరు రెండు వీలతో, ఒకరు ఒక వీతో, ఇంకొకరు చివరి దీర్ఘం మింగేసి రాస్తారు. సెర్చ్ పాపం ఏం పట్టుకుంటుంది? తెలుగు లిపిలో రాసినా తిప్పలే. కంటైనర్, కంటైనర్‌లో, కంటైనర్‌లోంచి, కంటైనర్‌కి: మనకి ఒకే మాట, సెర్చ్‌కి నాలుగు. ఇక వాయిస్ మెసేజ్‌లంటారా, వాటిలో మాట సెర్చ్‌కి అసలే అందదు. ఫోన్‌లో తెలుగు కొట్టడం కష్టమని మన నిపుణులు మైకు నొక్కేస్తారు, ఆ మంచి జవాబులన్నీ గాలిలో కలుస్తాయి.

1990లలో అమెరికాలో ఉన్న తెలుగువాళ్లు యూజ్‌నెట్ అనే పాతకాలపు ఇంటర్నెట్ చర్చావేదికలో మాట్లాడుకునేటప్పుడు ఈ అక్షరాల తంటా పడలేక ఆర్‌టీఎస్ అన్న లిప్యంతరీకరణ పద్ధతికి అలవాటుపడ్డారు. రైస్ విశ్వవిద్యాలయం పేరు మీద వచ్చింది అది. అందరూ ఒకేలా రాయడంతో యంత్రం దాన్ని తెలుగు లిపిలోకి తిప్పగలిగేది. ఇప్పుడు నాలుగు వేలమందిని ఆర్‌టీఎస్‌లో రాయమంటే నన్ను గ్రూపులోంచి తీసేస్తారు. కాబట్టి మేం పెట్టుకున్న నియమం చిన్నది: పోస్టు లోపల ఎలా రాసినా సరే, శీర్షికలో మాత్రం టూల్ పేరూ, వచ్చిన ఎర్రర్ మాటా ఉన్నవి ఉన్నట్టుగా కాపీ చేసి పెట్టాలి. స్క్రీన్‌ని ఫోన్‌తో ఫోటో తీసి పెట్టకూడదు. శీర్షిక ఉండే పద్ధతే ఎందుకు కావాలని పట్టుబట్టానో ఇందులోనే ఉంది. మిగతా భాషలవాళ్లకి శీర్షిక ఉంటే మంచిది. ఇంగ్లిష్ అక్షరాల తెలుగుకి అదొక్కటే గతి.

మూట కట్టుకుపోగలమా?

2020 డిసెంబరులో యాహూ గ్రూప్స్ మూతపడింది. పాత మెసేజ్‌లు అంతకు ఏడాది ముందే తీసేశారు. రచ్చబండ లాంటి తెలుగు గుంపులు ఏళ్ల తరబడి అక్కడే మాట్లాడుకున్నాయి. ఎవరైనా ముందే దింపుకుని ఉంటే బతికినట్టు, లేకపోతే లేదు. 2021లో ఫ్రీనోడ్ అనే ఐఆర్‌సీ చాట్ నెట్‌వర్క్ యాజమాన్యం గొడవతో ఎన్నో ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులు వారాల్లో లిబెరా చాట్ అనే ఇంకో నెట్‌వర్క్‌కి మూటాముల్లే సర్దుకున్నాయి. ఏ చోటూ శాశ్వతం కాదు. టెలిగ్రామ్ డెస్క్‌టాప్‌లో చర్చ మొత్తాన్ని దింపుకోవచ్చు. డిస్కోర్స్, జూలిప్ రెండూ మన సర్వర్‌లో పెట్టుకోగల ఓపెన్ సోర్సు, బ్యాకప్ మన చేతిలో ఉంటుంది. ఏది ఎంచుకున్నా మొదటి నెలలోనే ఒకసారి దింపి, తెరిచి చూడండి. బ్యాకప్ ఉందనుకోవడం వేరు, తెరుచుకోవడం వేరు.

ఏది ఎవరికి

రోజూ మాట్లాడేవాళ్లు యాభైమంది లోపైతే ఏమీ మార్చకండి. టెలిగ్రామ్ చాలు, ఉద్యోగాల టాపిక్ ఒక్కటి వేరు చేసుకోండి. కాలేజీ క్లబ్బుకి డిస్కార్డ్. ఒకే ప్రాజెక్టు మీద పనిచేసేవాళ్లకి జూలిప్, లేదా పని తక్కువైతే గిట్‌హబ్ డిస్కషన్స్. అడిగేవాళ్లు వేలల్లో, చెప్పేవాళ్లు పదుల్లో ఉంటే డిస్కోర్స్, పక్కన చాట్ ఉంచుకుని. వార్తల మీద వాదించుకోవడమే మీ గ్రూపు సరదా అయితే రెడిట్ తరహా చెట్టు.

మేం చివరికి డిస్కోర్సే పెట్టుకున్నాం. డిస్కోర్స్ అనగానే రెండు ఖర్చులు గుర్తుంచుకోవాలి. చిన్న సర్వర్ సరిపోతుంది, అది పెద్ద డబ్బేం కాదు. మమ్మల్ని ఏడిపించింది మెయిల్ పంపే ఏర్పాటు. కొత్తవాళ్లు చేరాలంటే ధ్రువీకరణ మెయిల్ వెళ్లాలి. మొదటి వారం అవన్నీ స్పామ్‌లో పడ్డాయి. "చేరాను అన్నా, మెయిల్ రాలేదు" అన్న మెసేజ్‌లతో టెలిగ్రామ్ నిండింది.

చేరినవాళ్లు కూడా మొదటి నెల అక్కడ ఏమీ అడగలేదు. ఖాళీ హోటల్లోకి ఎవరు అడుగుపెడతారు? రమ్మని బతిమాలడం మానేసి, మేం పదిమందిమి ఒక కట్టు పెట్టుకున్నాం: టెలిగ్రామ్‌లో ప్రశ్న వస్తే జవాబు డిస్కోర్స్‌లో రాసి, టెలిగ్రామ్‌లో లింకు మాత్రమే ఇవ్వాలి. అడిగినవాళ్లని 'అక్కడికెళ్లి అడుగు' అని తరిమెయ్యకూడదు. మొదట్లో రెట్టింపు పనే. మూడో నెల దాటాక, లింకులు మేం కాకుండా సభ్యులే ఇచ్చుకోవడం మొదలైంది.

డాకర్ ప్రశ్నే మా మొదటి శీర్షిక. ఆ నాలుగు నిమిషాల వాయిస్ మెసేజ్ చివరికి దొరికింది. అనంతపురం కుర్రాడొకడు తన ఫోన్‌లో సేవ్ చేసుకుని ఉంచాడు. వాడే విని, టైప్ చేసి, అక్కడ పెట్టాడు. పెద్దాయన ఇప్పటికీ మైకే నొక్కుతారు, రాయమంటే రాయరు. రాసిపెట్టే బాధ్యత ఆ కుర్రాడిదే అయిపోయింది. పోయిన వారం వాడు రాసిన దాంట్లో పోర్టు నంబరు తప్పు పడితే, "5432 నాన్నా, 5423 కాదు" అని ఇంకో వాయిస్ మెసేజ్ వచ్చింది.